యూఎన్ మిషన్‌కి వెళ్ళిన జవానుతో ఇంటివాళ్ళు మాట తెగకుండా ఎలా చూసుకోవాలి

మా ఆయన సౌత్ సూడాన్ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా గిద్దలూరు వైపు ఎవరింట్లో యూఎన్ మిషన్ (ఐక్యరాజ్యసమితి శాంతిదళం డ్యూటీ) ఆర్డర్ వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. అక్కా అక్కడ ఫోన్ ఉంటదా, వాట్సాప్ కలుస్తదా, రెండ్రోజులైంది మాట లేదు ఏం చేయమంటావ్ అని. మా పక్క ఫౌజీ లేని వీధి ఉండదు కదా, చెప్పిందే చెప్పి గొంతు నొప్పొచ్చింది, అందుకే రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట. ఫోన్ ఎలా కలపాలో మీరేం బెంగ పెట్టుకోవద్దు, అక్కడికి చేరిన వారంలో ఆయనే కనుక్కుంటారు. ఫోన్ కలవని రోజుల్లో ఇంట్లో ఏం చేయాలో మాత్రం ఆయన రైలెక్కకముందే కూర్చుని మాట్లాడుకోవాలి. నేను మాట్లాడుకోలేదు, అందుకే ఒక వానాకాలంలో తొమ్మిది రోజులు నరకం చూశా.

నేను చెప్పేది ఎక్కువగా సౌత్ సూడాన్ లెక్క. లెబనాన్, కాంగో, గోలాన్ అయితే టైము, దేశం కోడ్ మారతాయి, మిగతాదంతా దాదాపు ఇంతే.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

ఆయనకి రెండు సిమ్‌లు పట్టే ఫోన్, మంచి పవర్ బ్యాంక్. మీకు ఒక నోట్‌బుక్, ఫోన్‌లో సేవ్ చేశా చాలు అనుకోవద్దు, ఫోన్ నీళ్ళలో పడిన రోజే ఆ నంబర్లు కావాల్సొస్తాయి. అందులో రాయాల్సినవి: ఆయన ఆర్మీ నంబర్, ర్యాంక్, పేరు రికార్డుల్లో ఎలా ఉందో అలాగే, కంపెనీ, యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని వచ్చే పూర్తి అడ్రస్, 9తో మొదలయ్యే ఆ పిన్ కోడ్. తర్వాత బెటాలియన్ మిషన్‌కి వెళ్తే వెనక ఇండియాలో ఉండిపోయే రేర్ పార్టీ నంబర్, అందులో కనీసం ఒక జేసీఓ (సుబేదార్ లాంటి అధికారి) పేరు. జవాన్ల సర్వీసు కాగితాలు చూసే రికార్డ్ ఆఫీస్ నంబర్ కూడా (మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, బండ్లు, యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ అయితే మన సికింద్రాబాదే). చివరగా ఆయన బడ్డీ (డ్యూటీలో జంటగా ఉండే తోటి జవాను) భార్య నంబర్, ఇది అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకో కింద చెప్తా.

1. సిమ్, వాట్సాప్, బ్యాంకు: వెళ్ళడానికి పదిహేను రోజుల ముందే

ఆయన ఇండియా సిమ్ ఫోన్‌లోనే ఒక స్లాట్‌లో ఉండాలి, రెండో స్లాట్‌లో అక్కడి సిమ్ వేసుకుంటారు (అక్కడ ఎంటీఎన్, జైన్ లాంటివి ఉంటాయి). వాట్సాప్ నంబర్ మార్చాలా అని అడిగితే వద్దు అని పాత నంబర్‌నే ఉంచమనండి, లేకపోతే సగం మంది చుట్టాలకి ఆయన కొత్త మనిషి అయిపోతారు. కొందరు సిమ్ ఇంట్లో పెట్టి వెళ్తారు ఓటీపీల కోసమని, 2025 నవంబర్‌లో టెలికాం శాఖ సిమ్ ఫోన్‌లో ఉంటేనే వాట్సాప్ లాంటి యాప్‌లు నడవాలని ఆదేశం ఇచ్చింది, కాబట్టి ఆ పద్ధతి మర్చిపోండి. వాట్సాప్‌లో టూ స్టెప్ పిన్ పెట్టించండి, ఆ 6 అంకెలు నోట్‌బుక్‌లో రాయండి.

ఆ సిమ్ రీఛార్జ్ ఇంటి నుంచి మీ బాధ్యత. 90 రోజులు వాడకం లేకపోతే నంబర్ తీసేయొచ్చు కంపెనీవాళ్ళు, క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో తేదీ చుట్టండి.

అక్కడ ఇండియా సిమ్‌కి సిగ్నల్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. అంటే ఇంటి ఖర్చు ఆయన ఓటీపీ మీద నడవకూడదు. మీ పేరు మీద వేరే అకౌంట్, మీ సొంత ఏటీఎం కార్డు, మీ సొంత యూపీఐ, నెలనెలా ఆయన అకౌంట్ నుంచి దానికి డబ్బు తనంతట తాను వచ్చేలా బ్యాంకులో ఏర్పాటు. నాకు తెలిసిన ఒకావిడ స్కూలు ఫీజు కట్టడానికి ఆయన ఓటీపీ కోసం నాలుగు రోజులు కూర్చుంది, ఆయనేమో పెట్రోలింగ్‌లో.

2. రెండు గడియారాల లెక్క

సౌత్ సూడాన్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. తూర్పు కాంగో కూడా అంతే. లెబనాన్ అయితే చలికాలం మూడున్నర, ఎండాకాలం రెండున్నర, వాళ్ళు గడియారం మారుస్తారు. నెట్‌లో పాత పేజీల్లో సౌత్ సూడాన్‌కి రెండున్నర గంటలు అని కనిపిస్తుంది, 2021 ఫిబ్రవరిలో వాళ్ళు టైమ్ మార్చుకున్నారు, ఆ పాత లెక్క పట్టుకోవద్దు.

ఆయనకి సాయంత్రం 5 అయితే మనకి రాత్రి 8:30. పిల్లలు అన్నం తిని పడుకునే ముందు, అదే మంచి టైము. పొద్దున్నే ఆరింటికి లేచి గుడ్ మార్నింగ్ కాల్ చేస్తే అక్కడ రాత్రి రెండున్నర, మా అత్తయ్య ఇది మూడుసార్లు చేసింది. చివరికి గోడ గడియారం పక్కన ఇంకో గడియారం కొని తగిలించి కింద కొడుకు పేరు రాసి పెట్టా, అప్పట్నుంచి ఆగింది.

3. మాట లేని రోజులకి ఒప్పందం

ఈ పేరా రెండుసార్లు చదవండి. మాట ఆగడానికి కారణాలు చాలా ఉంటాయి, అందులో చెడ్డవి చాలా తక్కువ. లాంగ్ డ్యూరేషన్ పెట్రోల్ అని రోజుల తరబడి బయటికి పోతారు, అక్కడ టవర్ ఉండదు. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, నేలంతా మన రేగడి లాంటిదే, మన చేలల్లో ట్రాక్టర్ దిగబడినట్టు అక్కడ యూఎన్ బండ్లు దిగబడతాయి, రెండ్రోజుల పని వారం పడుతుంది. డీజిల్ తక్కువై జనరేటర్ ఆపినా వైఫై పోతుంది. ఒక్కోసారి ప్రభుత్వమే ఆపుతుంది, 2025 జనవరిలో ఫేస్‌బుక్, టిక్‌టాక్ కొన్ని రోజులు బ్లాక్ చేయించారు. ఇంకోటి, ఎక్కడైనా ఏదైనా ఘటన జరిగితే ఆ కుటుంబానికి ముందు కబురు చేరాలని అందరి ఫోన్లూ కాసేపు ఆపించడం దళాల్లో మామూలే.

అందుకని ఆయనతో కూర్చుని మూడు అంకెలు ఒప్పుకోండి. మావి ఇవి:

మూడు రోజులు: ఏం చేయను. నా పని నాది.
ఐదు రోజులు: బడ్డీ భార్యకి ఫోన్ చేస్తా. ఇద్దరికీ మాట లేకపోతే పెట్రోల్‌కి కలిసి వెళ్ళారని అర్థం, ఆమెకి మాట ఉంటే మా ఆయన సంగతి కూడా ఆమెకి తెలుస్తుంది.
ఎనిమిది రోజులు: రేర్ పార్టీ జేసీఓ సాబ్‌కి ఒక్క ఫోన్. ఒక్కటే, పగటిపూట.

మీ అంకెలు వేరే ఉండొచ్చు, ఊరిని బట్టి, క్యాంపుని బట్టి. కానీ ఆయన పెట్రోల్‌కి వెళ్ళే ముందు పంపాల్సిన ఒక మాట కూడా పెట్టుకోండి. ఎక్కడికి, ఎన్ని రోజులు అని చెప్పకూడదు కదా, అందుకని మా ఆయన "పొలం పని ఉంది" అని మెసేజ్ పెట్టేవారు, తిరిగొచ్చాక "ఇంటికొచ్చా" అని. ఆ తొమ్మిది రోజుల గొడవ తర్వాత పెట్టుకున్న మాట అది.

జాగ్రత్త: ఈ ఒప్పందం అత్తమామలకీ చెప్పండి. మీకు తెలిసి వాళ్ళకి తెలియకపోతే రెండో రోజే పూజారి దగ్గరికి పోయి ఊరంతా చెప్పేస్తారు, సాయంత్రానికి గోరంత కొండంత అవుతుంది.

4. వీడియో కాల్ కాదు, నంబర్ వేసిన వాయిస్ మెసేజ్

అందరూ చేసే తప్పు రోజూ వీడియో కాల్ కావాలని పట్టుబట్టడం. క్యాంపులో ఒకే వైఫై మీద ఎంతమంది ఉంటారో ఆలోచించండి, ఐదు నిమిషాలు "వినపడుతుందా, కనపడుతుందా" అనడంతోనే అయిపోతుంది, ఫోన్ పెట్టాక ఇద్దరికీ చిరాకే. వీడియో వారానికి ఒకసారి, పండగకి, పుట్టినరోజుకి. మిగతా రోజులు వాయిస్ మెసేజ్.

ప్రతి మెసేజ్ మొదట్లో నంబర్ చెప్పండి, "నలభై రెండు" అని. ఆయనకి నలభై ఒకటి తర్వాత నలభై మూడు వస్తే ఒకటి తప్పిపోయిందని తెలుస్తుంది, మళ్ళీ పంపమంటారు. ఇది మా మామయ్య నేర్పింది, ఆయన కాలంలో ఉత్తరాల మీద నంబర్లు వేసేవారట ఎందుకంటే అవి వరస తప్పి చేరేవి.

ఇంకో చిట్కా, నంబర్ తర్వాత ఇది ఏ రకం అని ఒక్క మాట. "కబుర్లు" అంటే తీరిగ్గా వినొచ్చు. "జవాబు కావాలి" అంటే వారంలో చెప్పాలి, ఎరువులకి డబ్బులు, పాప స్కూలు మార్చడం లాంటివి. "అర్జెంటు" అన్న మాట ఏడాదిలో రెండుసార్లకి మించి వాడొద్దు, నేను గ్యాస్ బుక్ చేయడానికి ఒకసారి వాడి తిట్లు తిన్నా.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి పోయి కాల్స్‌కి తక్కువ డేటా వాడేది ఆన్ చేయండి, ఆయన ఫోన్‌లోనూ అంతే, ఫొటోలు తమంతట తాము డౌన్‌లోడ్ అవ్వడం ఆపమనండి. లేకపోతే చుట్టాల గ్రూపులో వచ్చే దేవుడి బొమ్మలకే ఆయన డేటా అయిపోతుంది. అసలు ఆ గ్రూపుల్లోంచి ఏడాది బయటికి రమ్మనడం ఇంకా మేలు.

రెండో దారి ఒకటి ఉండాలి. వాట్సాప్ పోతే ఏంటి? మామూలు ఈమెయిల్. పాతకాలం అనిపిస్తుంది గానీ బలహీనమైన నెట్‌లో కూడా పోతుంది, ఆయన ఫోన్ పాడైనా ఇంకొకరి ఫోన్ నుంచి చూసుకోవచ్చు. మీకు ఈమెయిల్ రాకపోతే ఇంటర్ చదివే పిల్లల్ని పట్టుకుని నేర్చుకోండి, ఒక్క పూట పని.

5. టిక్కులు చదవడం

ఒక టిక్కు అంటే మెసేజ్ మీ దగ్గర్నుంచి పోయింది, ఆయన ఫోన్‌కి చేరలేదు, అంటే ఆయన ఫోన్‌కి నెట్ లేదు, లేదా ఫోన్ ఆఫ్‌లో ఉంది అంతే, కంగారు పడక్కర్లేదు. రెండు టిక్కులంటే ఫోన్‌కి చేరింది. చేరని మెసేజ్‌ని వాట్సాప్ 30 రోజులు దాచి ఉంచుతుంది, కాబట్టి పది రోజుల తర్వాత నెట్ వచ్చినా అన్నీ వస్తాయి, రోజూ మళ్ళీ మళ్ళీ అదే పంపక్కర్లేదు.

ఆయన బ్లూ టిక్ ఆపేసుకుని ఉంటే? వాయిస్ మెసేజ్‌కి అది వర్తించదు, ఆయన విన్నాక మైక్ గుర్తు నీలం అవుతుంది. నాకు ఆ నీలం మైక్ చాలు, జవాబు రాకపోయినా పడుకునేదాన్ని.

లాస్ట్ సీన్ చూసి "రాత్రి పన్నెండింటికి ఆన్‌లైన్‌లో ఉన్నావ్, నాకెందుకు చేయలేదు" అని పోట్లాడటం మాత్రం వద్దండి, మన పన్నెండు అక్కడ ఎనిమిదిన్నర, డ్యూటీ లిస్టు చూసుకుంటూ ఉండొచ్చు.

6. ఫోన్ మోగినప్పుడు

నంబర్ +211 అని రావచ్చు (లెబనాన్ +961, కాంగో +243). శాటిలైట్ ఫోన్ అయితే +8816, +88216, +870 లాంటివి. ఇవి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి ఇంట్లో అందరికీ చూపించండి, ఎందుకంటే తెలియని విదేశీ నంబర్ అని కట్ చేసేస్తారు. కానీ ఈ నంబర్లకి మీరు తిరిగి చేయొద్దు, ఐఎస్‌డీ ఉంటే బ్యాలెన్స్ ఊడ్చుకుపోతుంది, పైగా తెలియని దేశం నుంచి మిస్డ్ కాల్ ఇచ్చి తిరిగి చేయించి డబ్బు లాగే దొంగలూ ఉన్నారు. నేను ఒకసారి ఆయనే అనుకుని చేశా, అవతల ఎవరిదో పాట, నా మూడొందలు పోయాయి.

శాటిలైట్ కాల్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది. మీరు చెప్పి ఆగండి, ఒక క్షణం తర్వాత ఆయన గొంతు వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ముందు "అందరం బాగున్నాం" అనండి, తర్వాత జవాబు కావాల్సింది ఒక్కటి అడగండి, తర్వాత పాపకి ఇవ్వండి. తెగిపోతే ముఖ్యమైనది అయిపోయి ఉంటుంది. ఏడుపొస్తే ఏడవండి, అందులో తప్పేం లేదు, కానీ మూడు నిమిషాల కాల్ మొత్తం ఏడిస్తే ఆయన రాత్రంతా దాన్నే మోస్తారు.

ఆ శాటిలైట్ ఫోన్ బాగుందని వచ్చేటప్పుడు ఒకటి కొనుక్కురమ్మని అడగొద్దు, మన దేశంలో పర్మిషన్ లేకుండా పెట్టుకుంటే కేసు.

7. అడగకూడనివి, పెట్టకూడనివి

ఎక్కడున్నారు, ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు బయలుదేరతారు, ఏ దారిన: ఇవి ఫోన్‌లో అడగొద్దు. లైవ్ లొకేషన్ అసలే వద్దు, అది నిజం చెప్తుందని కూడా లేదు, 2024లో లెబనాన్‌లో చాలా ఫోన్లు ఎక్కడున్నా బీరూట్ ఎయిర్‌పోర్ట్ అని చూపించాయి.

ఆయన పంపిన ఫొటో స్టేటస్ పెట్టే ముందు వెనక ఏముందో చూడండి. బోర్డు, బండి నంబర్, గోడ, వాచ్ టవర్, పక్కనున్న వాళ్ళ నేమ్‌ప్లేట్. నీలం టోపీలో ముద్దుగా ఉన్నారని నేను పెట్టేశా, గంటలో ఆయనకి పైనుంచి పిలుపొచ్చింది, ఆయన నాతో రెండ్రోజులు సరిగ్గా మాట్లాడలేదు. యాప్‌ల సంగతి కూడా యూనిట్‌ని అడగాల్సిందే, 2020 జూలైలో ఆర్మీ 89 యాప్‌లు తీసేయమంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అందులో ఉన్నాయి, తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి. యూనిట్ ఏది వాడొచ్చంటే అదే, పక్కింటి అబ్బాయి వాడుతున్నాడని కాదు.

8. టీవీలో ఆ దేశం పేరు వినపడితే

ముందు ఆ ఊరి పేరు వినండి, దేశం పేరు కాదు. సౌత్ సూడాన్ రాజధాని జుబా నుంచి ఉత్తరాన ఉన్న మలకాల్ ఊరు దాదాపు 500 కిలోమీటర్లు. జుబాలో కాల్పులు అంటే మలకాల్‌లో ఉన్నోళ్ళకి ఏదో అయిందని కాదు, హైదరాబాద్‌లో వానకి విశాఖలో గొడుగు వేసుకున్నట్టు ఉంటుంది. 2025 మార్చిలో సౌత్ సూడాన్‌లోనే నాసిర్ అనే ఊరి దగ్గర యూఎన్ హెలికాప్టర్ మీద కాల్పులు జరిగినప్పుడు నాకు ఒక్కరోజులో పద్నాలుగు ఫోన్లు, అందులో ముగ్గురి కొడుకులు అసలు లెబనాన్‌లో ఉన్నారు!

ఇంకో పొరపాటు. 2016 జూలైలో జుబాలో యుద్ధం ముదిరినప్పుడు మన వాయుసేన రెండు సీ-17 విమానాలతో సంకట్ మోచన్ అని ఆపరేషన్ చేసి భారతీయుల్ని తెచ్చింది. అలాంటి వార్త వస్తే మనవాడూ వచ్చేస్తున్నాడనుకుంటారు, కాదు, తెచ్చేది అక్కడ ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే వాళ్ళని. దళం అక్కడే ఉంటుంది.

టీవీ క్లిప్పులు ఆయనకి ఫార్వర్డ్ చేయొద్దు. అక్కడేం జరిగిందో ఆయనకి మీకన్నా బాగా తెలుసు.

9. ఇంట్లోనే ఏదైనా జరిగితే

ఆస్పత్రి, చావు, ప్రమాదం. వాట్సాప్‌లో పెట్టి చూస్తూ కూర్చోవద్దు. రేర్ పార్టీకి ఫోన్ చేసి ఆర్మీ నంబర్, ర్యాంక్, పేరు, యూనిట్, ఎవరికి ఏమైంది, వరస ఏంటి, ఆస్పత్రి పేరు, అక్కడి ఫోన్ నంబర్ చెప్పండి. వాళ్ళ దారిలో కబురు త్వరగా చేరుతుంది, పైగా సెలవు సంగతి చూడాలంటే అటునుంచే కదలాలి. రేర్ పార్టీ దొరక్కపోతే రికార్డ్ ఆఫీస్, అదీ కాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి అడగండి. ఆయనకి ముందు చిన్నగా చెప్పి తర్వాత పెద్దది చెప్పడం, దాచడం మాత్రం వద్దు. మా ఊళ్ళో ఒకతనికి తండ్రి పోయిన సంగతి పదిరోజులు దాచారు, వేరే జవాను నోట విన్నాడు, ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు.

10. ఉత్తరం, పొట్లం

అడ్రస్ ఆయన ఇచ్చింది ఇచ్చినట్టే రాయండి. తెలివిగా కింద మలకాల్, సౌత్ సూడాన్ అని కలపొద్దు, ఊరి పేరు, దేశం పేరు ఆ కవరు మీద ఉండకూడదు. 56 ఏపీఓ సంచులు ఢిల్లీలోని ఆర్మీ పోస్టల్ వాళ్ళ బేస్ ఆఫీస్ మీదుగా పోతాయి, వారాలు పట్టొచ్చు, కాబట్టి దసరాకి చేరాలంటే వినాయక చవితికి ముందే వేయాలి. పిల్లల బొమ్మలు, మార్కుల కాగితం పంపండి. తిండి మాత్రం సెలవు మీద వచ్చి తిరిగిపోయే వాళ్ళ చేత. ఆవకాయ వద్దు, నూనె కారి వాళ్ళ బట్టలన్నీ పోయాయని మాట పడ్డాను, కందిపొడి, కరివేపాకు పొడి ఇవ్వండి.

11. దొంగ ఫోన్లు

"హెడ్‌క్వార్టర్ నుంచి మాట్లాడుతున్నా, మీ ఆయన ఇప్పుడు ఏ క్యాంపులో ఉన్నారు" అని ఎవరైనా అడిగితే, ఎంత తీయగా మాట్లాడినా, నాకు తెలియదు అని పెట్టేయండి. హెడ్‌క్వార్టర్‌కి తెలియక మిమ్మల్ని అడుగుతుందా? "మీవాడికి దెబ్బ తగిలింది, వెంటనే డబ్బు వేయండి" అంటే మోసమే, కట్ చేసి రేర్ పార్టీకి చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

వెళ్ళకముందే ఒకసారి ఆడి చూడండి

సెలవులో ఇంట్లో ఉండగానే మూడు రోజులు ఆయన ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి, వేరే గదిలో ఉన్నా సరే. మీరు నంబర్ వేసి నాలుగు వాయిస్ మెసేజ్‌లు పంపండి, మూడో రోజు ఆన్ చేసి నాలుగూ వచ్చాయా చూడండి. ఆ మూడు రోజులు ఆయన ఓటీపీ లేకుండా కరెంటు బిల్లు, పాల డబ్బు కట్టగలిగారా? అత్తయ్య నోట్‌బుక్ తీసి రేర్ పార్టీ నంబర్ తనంతట తాను చదవగలిగిందా? అక్షరాలు చిన్నగా ఉంటే పెద్దగా మళ్ళీ రాయండి, మాకు అక్కడే తేలింది ఆమె కళ్ళజోడు మార్చాలని. బడ్డీ భార్యకి ఒక ఫోన్ చేసి ఊరికే పరిచయం చేసుకోండి, ఐదో రోజు రాత్రి మొదటిసారి చేసే ఫోన్ అది కాకూడదు.

నోట్‌బుక్ మాది ఫ్రిజ్ మీద ఉండేది. బీరువాలో పెట్టి తాళం వేయొద్దు.